కంద బచ్చలి కూర

కంద బచ్చలి కూర కోస్తా ఆంధ్ర ప్రాంతంలో, ముఖ్యంగా గోదావరి, కృష్ణా తీర ప్రాంతాలలో విరివిగా వండే శాకాహార వంటకం. కంద దుంపను, తీగ బచ్చలి ఆకును కలిపి ఉడికించి, మెత్తగా మెదిపి, చింతపండు రసం, అల్లం, పచ్చిమిరపకాయలు, పోపు చేర్చి, చివరకు ఆవముద్ద కలిపి దీనిని తయారుచేస్తారు. ఆవ కలపటం వలన దీనిని "ఆవ పెట్టిన కూర"లలో ఒకటిగా లెక్కిస్తారు. ముక్కలు విడివిడిగా ఉండే వేపుడు వంటిది కాదు, పులుసు వలె జారుగానూ ఉండదు. అన్నంలో కలుపుకొనుటకు వీలుగా వెన్నముద్ద వలె మెత్తగా ఉండే ముద్దకూర. పాలు, వెన్న, మీగడ వంటివేవీ చేర్చకుండానే ఈ మెత్తదనం వస్తుంది. దానికి కందలోని పిండిపదార్థము, బచ్చలిలోని జిగురు కారణాలు.

పేరు

సంస్కృతంలో కందము అనగా సాధారణంగా దుంప అని అర్థం. కందమూలములు అన్నప్పుడు ఆ అర్థమే స్ఫురిస్తుంది. తెలుగులో ఈ మాట ఒక్క దుంపకే స్థిరపడిపోయింది. సంస్కృతంలో దీనిని సూరణము అంటారు; అర్శస్సును, అనగా మొలల వ్యాధిని పోగొట్టేదన్న అర్థంలో అర్శోఘ్నము అన్న పేరు కూడా ఉంది. హిందీలో జిమీకంద్ లేదా సూరన్, తమిళంలో సేనైక్కిళంగు, కన్నడంలో సువర్ణగడ్డె, మలయాళంలో చేన, బెంగాలీలో ఓల్ అంటారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తెలంగాణలో చాలాచోట్ల కందగడ్డ అంటే చిలగడదుంప. హైదరాబాదు అంగడిలో కందగడ్డ అని అడిగితే శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకొనే ఎర్రని తీపిదుంపను చేతిలో పెట్టవచ్చు. దానితో ఈ కూర వండటం కుదరదు.

కంద

కంద శాస్త్రీయ నామం అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్. పాత గ్రంథాలలో అమార్ఫోఫాలస్ కాంపాన్యులేటస్ అన్న పేరు కనిపిస్తుంది. చేమ కుటుంబమైన ఏరేసీకి చెందినది. వాడుకలో దుంపకూర అంటున్నప్పటికీ, తినే భాగం వేరు కాదు. ఆహారాన్ని నిలువ చేసుకొని ఉబ్బిన భూగర్భ కాండం. మొక్కకు సాధారణంగా ఒకే ఒక ఆకు ఉంటుంది. మచ్చలు మచ్చలుగా ఉండి కాండంలా కనిపించేది నిజానికి ఆ ఆకు కాడ. దాని పైన ఆకు అనేక చీలికలుగా విడిపోయి గొడుగు విప్పినట్లు ఉంటుంది. ఆకు లేని కాలంలో నేలనుండి నేరుగా పూగుత్తి లేస్తుంది. అది కుళ్ళిన మాంసం వాసన వెదజల్లి, ఆ వాసనకు చేరే పురుగుల ద్వారా పరాగ సంపర్కం జరుపుకుంటుంది.

కోస్తా జిల్లాలలో కందను విడిగానూ, కొబ్బరి, అరటి తోటలలో అంతరపంటగానూ సాగు చేస్తారు. నాటినది మొదలు త్రవ్వటానికి సుమారు 8, 9 నెలలు పడుతుంది. ఒక్కొక్క దుంప రెండు మూడు కిలోల నుండి అయిదారు కిలోల వరకూ తూగుతుంది. అందువలన అంగడిలో పూర్తి దుంపను కొనేవారు తక్కువ. కోసి ముక్కలుగా అమ్ముతారు. కొవ్వూరులోని ఉద్యాన పరిశోధనా స్థానంలో స్థానిక కంద నుండి ఎంపిక చేసిన "గజేంద్ర" అనే రకం దురద తక్కువగా ఉండటం వలన ఇతర రాష్ట్రాలకు కూడా వ్యాపించింది. కొవ్వూరు 2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది.

బచ్చలి

ఈ కూరకు వాడేది తీగ బచ్చలి. శాస్త్రీయ నామం బసెల్లా ఆల్బా. ఆకుపచ్చ కాడ గలది, ఎర్ర కాడ గలది అని రెండు రకాలు. ఏది వాడినా రుచిలో పెద్ద తేడా ఉండదు, కానీ ఎర్ర కాడ వేస్తే కూర రంగు కొంచెం ముదురుగా వస్తుంది. పెరట్లో పందిరి వేస్తే ఒకే పాదు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఆకును, లేత కాడను నలిపితే జిగురు వస్తుంది. పప్పులో వేసినప్పుడు కొందరికి నచ్చని ఈ జిగురే కంద బచ్చలికి ప్రాణం. కంద ఒక్కటే ఉడికించి మెదిపితే పొడిపొడిగా, గొంతుకు అడ్డుపడేటట్లు ఉంటుంది. బచ్చలి జిగురు ఆ పిండిని పట్టి ఉంచి నున్నగా జారేటట్లు చేస్తుంది.

దురద

కంద పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది దురద. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్న సామెత తెలుగునాట తెలియనివారు అరుదు. అసలు సంబంధం ఉన్నవారికే లేని బాధ పక్కవారికి ఎందుకు అని దాని భావం. కత్తిపీటకు బదులుగా బచ్చలిని చేర్చి చెప్పేవారు కూడా ఉన్నారు. ఆ రూపం ఈ కూరను బట్టే పుట్టి ఉండాలి.

దురదకు ప్రధాన కారణం కాల్షియం ఆక్సలేట్. ఇది కంద కణాలలో సూదుల వంటి సన్నని స్ఫటికాలుగా, కట్టలు కట్టలుగా ఉంటుంది. దుంపను కోసినప్పుడు, నమిలినప్పుడు ఈ సూదులు బయటపడి చర్మంలోనికి, నాలుకలోనికి, గొంతులోనికి గుచ్చుకుంటాయి. వాటితోపాటు ఉండే కొన్ని మాంసకృత్తులు మంటను పెంచుతాయి. పచ్చి కందను తింటే నోరు, గొంతు వాచే ప్రమాదం ఉంది. పిల్లలకు అందకుండా ఉంచాలి.

కాల్షియం ఆక్సలేట్ నీటిలో కరగదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కూడా దానిని పూర్తిగా కరిగించేంత బలమైనది కాదు. కనుక చింతపండు ఎక్కువ వేస్తే ఎంత దురద కందైనా లొంగుతుందని అనుకోవటం సరికాదు. దురద తగ్గించటంలో మొదటి స్థానం దుంపను ఎంచుకోవటానిదే. అడవి కంద, కొన్ని నాటు రకాలు ఎంత వండినా గొంతు పట్టుకుంటాయి. రెండవది, బాగా ఉడికించటం. వేడికి దురద కలిగించే మాంసకృత్తులు చెడిపోతాయి, కణాలు మెత్తబడతాయి. చింతపండు పులుపు వీటికి తోడు మాత్రమే. త్రవ్విన వెంటనే కాక కొన్ని వారాలు నిలువ ఉంచిన దుంపను వాడితే దురద తక్కువగా ఉంటుందని వంటవారి అనుభవం.

కోసేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. తడి చేతులతో పట్టుకుంటే దురద ఎక్కువవుతుంది. ముందుగా అరచేతులకు నూనె రాసుకోవటం పాత అలవాటు. ఇప్పుడు చేతికి ప్లాస్టిక్ తొడుగులు వేసుకొనేవారూ ఉన్నారు. దుంపకు అంటిన మట్టిని కడిగి, తడి పూర్తిగా ఆరిన తరువాతనే కత్తిపీట మీదకు తీసుకోవాలి. చెక్కును పలుచగా గీకకుండా, మందంగా చెక్కి తీయాలి. అప్పటికీ దురద పెడితే చింతపండుతో రుద్దుకొని, తరువాత కడుక్కోవాలి.

కావలసిన పదార్థాలు

నలుగురైదుగురికి సరిపడా వండటానికి చెక్కు తీసిన కంద అర కిలో, బచ్చలి ఒక పెద్ద కట్ట (ఆకులు, లేత కాడలు కలిపి సుమారు 250 గ్రాములు), పెద్ద నిమ్మకాయంత చింతపండు, 6 పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, అర చెంచా పసుపు, తగినంత ఉప్పు కావాలి. పోపునకు మూడు నాలుగు చెంచాల నూనె, చెంచా శనగపప్పు, చెంచా మినప్పప్పు, అర చెంచా ఆవాలు, 3 ఎండుమిరపకాయలు, ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. ఆవముద్దకు విడిగా ఒకటిన్నర చెంచా ఆవాలు తీసుకోవాలి. గోదావరి జిల్లాలలో పోపునకు పప్పునూనె, అనగా నువ్వుల నూనె వాడటం సంప్రదాయం. ఉల్లి, వెల్లుల్లి వేయరు. వాటిని వేస్తే ఆవ ఘాటు మరుగున పడిపోతుంది.

బెల్లం విషయంలో ఇంటికొక పద్ధతి ఉంది. చిన్న ముక్క వేస్తే పులుపు విరుగుతుందని కొందరు, కందకు సహజంగా ఉన్న కమ్మదనం చాలునని కొందరు. వేసినా తీపి తెలియనంతగా మాత్రమే వేయాలి.

తయారుచేయు విధానం

చెక్కు తీసిన కందను అంగుళం కంటె చిన్న ముక్కలుగా కోసి, పలుచని చింతపండు నీటిలో వేసి కడగాలి. బియ్యం కడిగిన నీరు వాడేవారూ ఉన్నారు. బచ్చలి ఆకును తరిగి, కాడలను విడిగా చిన్నవిగా కోసుకోవాలి. కాడలు ఆకు కంటె ఆలస్యంగా ఉడుకుతాయి. ముదురు కాడలు పీచు కడతాయి కనుక తీసివేయాలి.

దళసరి గిన్నెలో కంద ముక్కలు మునిగేటట్లు నీరు పోసి, పసుపు వేసి ఉడికించాలి. ముక్క సగం ఉడికిన తరువాత బచ్చలి కాడలు, ఆ తరువాత ఆకు వేయాలి. గిన్నెలో అయితే మొత్తం మీద 20 నుండి 25 నిమిషాలు పడుతుంది. ప్రెషర్ కుక్కరులో అన్నీ కలిపి పెట్టి మూడు కూతలు రానిస్తే చాలును. అప్పుడు నీరు చాలా తక్కువ పోయాలి. బచ్చలినుండి కూడా నీరు ఊరుతుంది కనుక, ఎక్కువ పోస్తే కూర పలుచబడి, దగ్గర పడేవరకు పొయ్యి మీద ఉంచవలసి వస్తుంది. కంద ముక్కను వేళ్ళ మధ్య నొక్కితే పలుకు లేకుండా నలిగిపోవాలి. ఇందులో ఏమాత్రం లోపం ఉన్నా తరువాత సరిదిద్దటం కష్టం.

చింతపండు రసం ఎప్పుడు పోయాలన్న దానిలో వంటవారి మధ్య భేదాభిప్రాయం ఉంది. దురద పోవటానికి మొదటినుండీ పులుపులోనే ఉడికించాలని కొందరు చెబుతారు. అయితే పులుపు తగిలిన కూరముక్క తొందరగా మెత్తబడదు. కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఆమ్లంలో గట్టిగా నిలబడటమే దీనికి కారణం. మొదటనే రసం పోస్తే కంద ముక్కలు పైకి ఉడికినట్లు కనిపించినా లోపల పలుకుగా ఉండిపోతాయి, మెదిపినప్పుడు ఉండలు కడతాయి. అరకొరగా ఉడికిన కందలో దురద కూడా పోదు. కనుక కడగటానికి చింతపండు నీరు వాడి, అసలు రసాన్ని ముక్క పూర్తిగా ఉడికిన తరువాత పోయటమే మేలైన పద్ధతి.

ఉడికిన కంద, బచ్చలి వేడిగా ఉండగానే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారితే కందలోని పిండిపదార్థం బిగుసుకొని, మెదిపినా గరుకుగా ఉంటుంది. మిక్సీలో వేయటం మంచిది కాదు. మరలు వేగంగా తిరిగి కణాలు చిట్లిపోయి, లోపలి పిండి అంతా బయటకు వచ్చి కూర బంక వలె సాగుతుంది. పాశ్చాత్యులు బంగాళాదుంపలను ఉడికించి మెదిపే వంటకంలోనూ ఇదే చిక్కు వస్తుంది, అక్కడా చేతితో మెదపటమే మంచిదని చెబుతారు. పూర్తిగా నునుపు చేయకుండా అక్కడక్కడ చిన్న పలుకు తగిలేటట్లు వదిలివేయటం కొందరికి ఇష్టం.

మెదిపిన ముద్దలో చిక్కని చింతపండు రసం, ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిరప ముద్ద కలిపి సన్నని సెగ మీద అయిదారు నిమిషాలు ఉడకనివ్వాలి. పచ్చి వాసన పోయి, కూర గరిటెనుండి ముద్దగా జారే స్థితికి వచ్చినప్పుడు దింపాలి. చల్లారిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది కనుక పొయ్యి మీద ఉండగా కొంచెం జారుగా ఉండటమే సరి. వేరొక మూకుడులో నూనె కాగిన తరువాత శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేయించి పోపును కూరలో కలపాలి. కొందరు పోపులో వేరుశనగ గుళ్ళు వేస్తారు, విందులలో జీడిపప్పు కూడా వేస్తారు.

ఆవ పెట్టుట

ఈ కూర బాగా కుదిరినదీ లేనిదీ తేల్చేది ఆవ. పోపులో వేసిన ఆవాలు, ముద్దగా నూరిన ఆవాలు ఒకే గింజలైనా రుచిలో పోలిక ఉండదు. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థము, మైరోసినేజ్ అనే ఎంజైము వేరువేరు చోట్ల ఉంటాయి. గింజ నలిగి నీరు తగిలినప్పుడు రెండూ కలిసి, ముక్కుకు ఎక్కే ఘాటైన నూనె పుడుతుంది. కాగిన నూనెలో చిటపటలాడిన గింజలో ఎంజైము చచ్చిపోతుంది. అందుచేత పోపులోని ఆవాలకు కమ్మని వాసనే గాని ఘాటు ఉండదు.

ఆవాలను చల్లని నీటితో, చిటికెడు ఉప్పు చేర్చి మెత్తగా నూరి, పది నిమిషాలు అలా ఉంచితే ఘాటు పూర్తిగా పుడుతుంది. నూరేటప్పుడు ఒక ఎండుమిరపకాయ, నానబెట్టిన కొద్ది బియ్యం చేర్చే పద్ధతి కూడా ఉంది. కూర దింపి, గోరువెచ్చగా అయిన తరువాత మాత్రమే ఈ ముద్దను కలపాలి. సెగ మీద ఉండగా కలిపితే ఘాటైన నూనె ఆవిరై పోయి, చేదు మాత్రం మిగులుతుంది. ఆవ కలిపిన తరువాత మరల వేడి చేయరు. కొత్తగా వండేవారు ఎక్కువగా ఇక్కడే పొరపడతారు. ఒకసారి చేదెక్కిన కూరను బెల్లం వేసినా, నూనె పోసినా బాగుచేయలేరు.

కూరలోని పులుపు ఆవ ఘాటును కొంతసేపు నిలబెడుతుంది. ఉదయం వండిన కూర సాయంత్రానికి ఇంకా బాగుంటుందని అనేవారున్నారు. ఆవ పడనివారు దానిని మాని, పోపుతోనే ముగిస్తారు. రుచికి లోటు లేకున్నా, అది వేరొక కూర అని గోదావరి ప్రాంతపు వంటవారు ఒప్పుకోరు.

ఇతర ప్రాంతాలలో

కందను మెదిపి వండటం ఆంధ్రులకే పరిమితం కాదు. తమిళనాడులో మసియల్ అనే వంటకం దీనికి దగ్గర బంధువు. అందులో కందను చింతపండు లేదా నిమ్మరసంతో మెదుపుతారు, కొన్ని ఇళ్ళలో కందిపప్పు కూడా చేర్చుతారు, బచ్చలి ఉండదు. కేరళలో చేనతో ఎరిశ్శేరి వండుతారు. అది కొబ్బరి ప్రధానమైన వంట. బెంగాలులో ఉడికించిన ఓల్‌ను ఆవనూనె, పచ్చిమిరప, ఉప్పుతో మెదిపి అన్నంలో తింటారు. కందకు, ఆవకు ఉన్న పొత్తు అక్కడ కూడా కనిపిస్తుంది, కాని వారిది నూనె, ఇక్కడిది ముద్ద. ఉత్తర ప్రదేశ్‌లో, ముఖ్యంగా వారాణసి ప్రాంతంలో, దీపావళి నాడు జిమీకంద్ కూర తినటం ఆచారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు శీతలీకరించి అమ్మే సూరన్ ముక్కలతో ఈ కూర వండుకుంటారు. చెక్కు తీసే శ్రమ, చేతుల దురద రెండూ తప్పుతాయి. తాజా బచ్చలి దొరకనప్పుడు పాలకూర వేస్తారు. పాలకూరలో జిగురు లేనందువలన కూర పొడిబారుతుంది. అటువంటప్పుడు నూనె కొంచెం ఎక్కువ పట్టించవలసి ఉంటుంది. బచ్చలి వేడిని బాగా తట్టుకొనే తీగ కనుక వేసవిలో పెరట్లో పెంచుకొనేవారు అక్కడ కూడా ఉన్నారు.

వడ్డన, సందర్భాలు

కోస్తా జిల్లాల పెళ్ళివిందులలో ఆవ పెట్టిన కూర ఒకటి ఉండటం మర్యాద. ఆ స్థానం పనసపొట్టు కూరది కావచ్చు, కంద బచ్చలిది కావచ్చు. కార్తీక మాసపు వనభోజనాలలోనూ దీనిని వండుతారు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట కావటం వలన వ్రతాలు, పూజలు జరిగే రోజులలో అభ్యంతరం ఉండదు. వేడి అన్నంలో ఒక చెంచా పచ్చి పప్పునూనె వేసి కలుపుకొని, పక్కన వడియాలు గాని, చల్ల మిరపకాయలు గాని నంజుకుంటారు. కూర మెత్తగా ఉంటుంది కనుక కరకరలాడేది ఏదైనా తోడు ఉంటే బాగుంటుంది.

పోషక విలువలు

100 గ్రాముల కందలో సుమారు 79 కిలోకేలరీల శక్తి, 18 గ్రాముల పిండిపదార్థాలు, 1.2 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు దాదాపు లేదు. బచ్చలిలో కెరోటిన్, విటమిన్ సి ఉంటాయి. ఆయుర్వేద గ్రంథమైన భావప్రకాశంలో దుంపకూరలన్నింటిలో సూరణాన్ని శ్రేష్ఠమైనదిగా చెప్పారు. అయితే కందలోనూ, బచ్చలిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్ళు ఏర్పడే తత్వం ఉన్నవారు ఈ రెండూ కలిసిన కూరను వైద్యుని సలహా మేరకే తీసుకోవాలి.

పోలాల అమావాస్య

కందకు వంటింటి బయట కూడా ఒక స్థానం ఉంది. శ్రావణ బహుళ అమావాస్యను కోస్తా ఆంధ్రలో పోలాల అమావాస్యగా జరుపుకుంటారు. ఆ రోజు సంతానం క్షేమం కోరి స్త్రీలు కంద మొక్కను పిలకలతో సహా పీట మీద ఉంచి, పసుపు కుంకుమలతో పూజించి, పసుపుకొమ్ము కట్టిన తోరాన్ని దానికి కట్టి, బూరెలు, గారెలు నివేదిస్తారు. తల్లి దుంప చుట్టూ పిలకలు వేసి వృద్ధి పొందే మొక్క కనుక, పిల్లాపాపలతో కళకళలాడే ఇంటికి దానిని గుర్తుగా ఎంచుకున్నారు. వేసవిలో నాటిన కందకు ఆ రోజులలో ఆకు గొడుగులా విప్పుకొని ఉంటుంది. దుంప మాత్రం భూమిలో ఇంకా ఊరుతూనే ఉంటుంది. త్రవ్వి కూర వండుకోవటానికి కార్తీక, మార్గశిర మాసాల వరకు ఆగవలసిందే.